థియాలజీకి యూనివర్సిటీలో చోటు ఉండాలా, వద్దా?

కందుకూరు కుర్రాడు
మా బాబాయి కొడుకు ఇంటర్ అవగానే థియాలజీలో, అంటే దైవశాస్త్రంలో చేరాడు. సెరంపూర్ కాలేజీ వాళ్ల బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) పూర్తి చేసి ఈ మధ్యే ఊరికి వచ్చాడు. హీబ్రూ చదువుతాడు, గ్రీకు చదువుతాడు, సంఘ చరిత్ర అడిగితే రెండో శతాబ్దం నుంచి మొదలుపెడతాడు, ఇక ఆపడం మన తరం కాదు. వాడికి హిస్టరీలో ఎం.ఏ. చేసి, మన ప్రాంతంలో మిషన్ల కాలం మీద రీసెర్చ్ చేయాలని ఉంది. ఒక యూనివర్సిటీకి వెళ్లి అడిగితే కౌంటర్ దగ్గర ఉన్నాయన సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి చూసి "ఇది పాస్టర్ల చదువు, దీన్ని డిగ్రీ కింద తీసుకోం" అని వెనక్కి ఇచ్చేశాడంట. వాడు పైకి ఏమీ అనడం లేదు గానీ బాగా దిగులు పడ్డాడు.

నాకు కోపం వచ్చింది. బయటి దేశాల్లో పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో ఈ చదువుకు డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. మన దగ్గర చూస్తే శుక్రవారం మసీదు మైకు, శనివారం గుడి మైకు, ఆదివారం చర్చి మైకు, రాత్రయితే యూట్యూబ్. అంతా దేవుడి మాటలే. ఇంత దేవుడున్న సమాజంలో యూనివర్సిటీలో మాత్రం ఆ సబ్జెక్టు లేదు. ఎందుకు లేదు? ఉండాలా వద్దా? తెలిసినవాళ్లు చెప్పండి. గొడవ కోసం అడగడం లేదు.

ఒంగోలు గిత్త
గొడవ కోసం కాదు అన్నావంటే సాయంత్రానికల్లా మోడరేటర్ ఈ టాపిక్‌కి తాళం వేస్తాడు. నేను ముందే వచ్చి కూర్చున్నా.

ఉలవపాడు మామిడి
ముందు అడ్మిషన్ సంగతి. కౌంటర్లో నోటితో చెప్పింది చివరి మాట కాదు తమ్ముడూ. రిజిస్ట్రార్‌కి రాతపూర్వకంగా అప్లికేషన్ పెట్టి ఈక్వివలెన్స్, అంటే మామూలు డిగ్రీతో సమానమన్న గుర్తింపు అడగమను, సిలబస్ కాపీ జత చేయమను. ఈ డిగ్రీని కొన్ని యూనివర్సిటీలు తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. కాదంటే కాదని కాగితం మీద రాసివ్వమనాలి, ఊరికే తిరిగి వచ్చేస్తే ఎట్లా?

హేతువాది నెల్లూరు
అసలు ప్రశ్నకు నా జవాబు: వద్దు. ప్రభుత్వ యూనివర్సిటీ ప్రజల పన్నుతో నడుస్తుంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెప్తోంది. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అని 51ఎలో రాసుకున్నాం. మీ తమ్ముడి కష్టం మీద నాకు గౌరవమే. కానీ ఫిజిక్స్‌లో ఒక సిద్ధాంతం తప్పని తేలితే పక్కన పెట్టేస్తారు. థియాలజీలో దేవుడు ఉన్నాడన్నది ముందే తేలిపోయి ఉంటుంది, మిగతా చదువంతా దాన్ని కాపాడుకోవడానికే. జవాబు రాసిపెట్టుకుని ప్రశ్న వెతుక్కునే పనికి యూనివర్సిటీలో గది ఎందుకు? చర్చి డబ్బుతో చర్చిలో, మఠం డబ్బుతో మఠంలో చదువుకోండి. ఎవరు వద్దన్నారు?

పొదిలి ఇంజినీర్
+1. మా దగ్గర డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీకి పర్మనెంట్ లెక్చరర్ లేడు. ముందు ఆ పోస్టు నింపితే తర్వాత దేవుడి గురించి ఆలోచిద్దాం.

హిస్టరీ మాస్టారు
కుర్రాడు అడిగిన "ఎందుకు లేదు" అన్నది మంచి ప్రశ్న. దానికి జవాబు లండన్‌లో ఉంది, కాస్త ఓపిక పట్టి చదవండి.

పాతకాలంలో యూరప్ యూనివర్సిటీల్లో పై చదువులంటే మూడే, థియాలజీ, లా, మెడిసిన్. 19వ శతాబ్దం మొదట్లో కూడా ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో డిగ్రీ చేతికి రావాలంటే ఆంగ్లికన్ చర్చి 39 మతసూత్రాలకు ఒప్పుకోవాల్సిందే. కాథలిక్కుకు లేదు, యూదుడికి లేదు. అది నచ్చనివాళ్లు 1826లో లండన్‌లో కొత్త కాలేజీ పెట్టి, ఎవరైనా చదువుకోవచ్చు, ఇక్కడ మతం సబ్జెక్టే ఉండదు అన్నారు. దేవుడు లేని కాలేజీ అని దాన్ని తిట్టినవాళ్లు పోటీగా 1829లో కింగ్స్ కాలేజీ పెట్టుకున్నారు. ఈ రెండింటికీ పరీక్షలు పెట్టి డిగ్రీలివ్వడానికి 1836లో లండన్ యూనివర్సిటీ వచ్చింది. పాత యూనివర్సిటీల్లో ఆ మత నిబంధన 1871 చట్టంతో గానీ పోలేదు.

ఇప్పుడు మన సంగతి. ఇక్కడి చదువుల మీద లండన్ నుంచి కంపెనీ ప్రభుత్వానికి వచ్చిన 1854 వుడ్స్ డెస్పాచ్ ఇక్కడి యూనివర్సిటీలకు లండన్‌నే నమూనాగా తీసుకోమంది, ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదువు మతానికి సంబంధం లేకుండా ఉండాలంది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు అలాగే పుట్టాయి. అదే ఏడాది తిరుగుబాటు, మరుసటి ఏడాది మీ మతాల జోలికి రామని రాణి ప్రకటన. ఇంక ఎవరు కదిలిస్తారు? మనం మద్రాసు రాజధాని కింద ఉన్నాం కాబట్టి మనకూ అదే పద్ధతి వచ్చింది. అంటే ఈ ఏర్పాటు మన సమాజం కూర్చుని ఆలోచించి చేసుకున్నది కాదు. అక్కడి చర్చి తగాదాకు దొరికిన పరిష్కారం, ఇక్కడి పాలకుల భయానికి సరిపోయింది.

మీ తమ్ముడి సర్టిఫికెట్ గురించి కూడా చెప్పాలి. సెరంపూర్ కాలేజీని కేరీ, మార్ష్‌మన్, వార్డ్ 1818లో పెట్టారు. అప్పుడది డెన్మార్క్ వాళ్ల ఊరు. డిగ్రీలిచ్చే హక్కు డెన్మార్క్ రాజు 1827లోనే ఇచ్చాడు, కలకత్తా యూనివర్సిటీ పుట్టడానికి ముప్పై ఏళ్ల ముందు. 1918లో బెంగాల్ శాసనసభ చట్టం కూడా చేసింది. కౌంటర్ దగ్గర ఉన్నాయనకు ఇదంతా తెలియకపోవచ్చు, అప్లికేషన్‌లో రాయండి.

కందుకూరు కుర్రాడు
మాస్టారూ, ఇది ప్రింట్ తీసి వాడికి ఇస్తా. వాడు నాలుగు రోజుల తర్వాత ఇవాళే నవ్వాడు.

హేతువాది నెల్లూరు
మాస్టారూ, చరిత్ర బాగుంది. కానీ దొర భయపడి చేసినా పని మంచిదైతే మంచిదే కదా. 28వ అధికరణం దొర రాయలేదు, మనమే రాసుకున్నాం.

హిస్టరీ మాస్టారు
రాసుకున్నాం. రాసేటప్పుడు ఏం మాట్లాడుకున్నారో కూడా చూడాలి. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు అంబేద్కర్ గారు మతబోధ వేరు, మతాన్ని అధ్యయనం చేయడం వేరు అని తేడా చెప్పారు. ఇదే నమ్మాలి అని నేర్పడం బోధ, పరిశోధన దాని కిందకు రాదు. విద్య మీద వేసిన 1964–66 కొఠారీ కమిషన్ కూడా ఇదే గీత గీసింది. గురునానక్ జీవితం, బోధనల మీద చదువు పెట్టడాన్ని 1971లో డి.ఏ.వి. కాలేజీ కేసులో సుప్రీంకోర్టు మతబోధ అనలేదు. 2002లో అరుణా రాయ్ కేసులో మతాల గురించి బళ్లో చెప్పడానికి 28 అడ్డు రాదంది. కాబట్టి చట్టం తలుపు మూయలేదు. మనమే ఆ వైపు వెళ్లడం లేదు.

ఒంగోలు గిత్త
మాస్టారు రిటైరయ్యారని ఎవరన్నారు? అటెండెన్స్ తీసుకుంటే నేను ప్రెజెంట్ సార్.

రంగనాయకుల పేట
మాది తరాలుగా అర్చకత్వం. వైఖానసం, అంటే విష్ణు ఆలయాల్లో పూజకు ఉన్న ఒక ఆగమ పద్ధతి. హేతువాది గారు వద్దన్నారు, నేనూ వద్దంటున్నాను, కానీ నా కారణం వేరు.

మా నాన్నగారి దగ్గర నేను నేర్చుకున్నది పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకున్నది కాదు. తెల్లవారుజామున ఆయన చెప్తే నేను చెప్పడం, స్వరం తప్పితే మళ్లీ మొదటి నుంచి. ఆగమం అంటే విగ్రహం కొలత నుంచి రోజూ చేసే ఆరాధన దాకా చేతితో, నోటితో, ఆచారంతో కలిసి ఉన్న విద్య. దేవాదాయ శాఖ ప్రవేశ, వర, ప్రవర అని పరీక్షలు పెట్టింది, మంచిదే. కానీ పరీక్ష పాసైన ప్రతివాడికీ ఆలయం అప్పజెప్పగలరా? యూనివర్సిటీకి వెళ్తే ఈ విద్య సెమిస్టర్ అవుతుంది, అసైన్‌మెంట్ అవుతుంది, నమ్మకం లేనివాడు వచ్చి దాని మీద థీసిస్ రాస్తాడు. నమ్మేవాడి దగ్గరే అది బతుకుతుంది.

చీమకుర్తి నల్లరాయి
రంగనాయకుల పేట స్వామీ, గౌరవంతోనే అడుగుతున్నా. నమ్మేవాళ్ల దగ్గరే ఉండాలంటే, ఆ నమ్మేవాళ్ల గుమ్మం దాటి మా తాతలను రానివ్వలేదు కదా. యూనివర్సిటీ తలుపు అందరికీ తెరిచి ఉంటుంది, కనీసం కాగితం మీద. నాకు అది చిన్న విషయం కాదు.

ఇంకో సంగతి. 1876–78 కరువులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి పని పెట్టాడని, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని అందరూ చెప్తారు. "తిండి కోసం మారారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. యెర్రగుంట్ల పేరయ్య పేరు ఎవరికైనా తెలుసా? తాళ్లకొండపాడు మాదిగ పెద్ద. ఆయన క్రీస్తును నమ్మింది ఆ కరువుకు ఎన్నో ఏళ్ల ముందు. అంతకు ముందే ఆయన యోగమార్గంలో గురువుల దగ్గర ఉపదేశం పొందినవాడు. అంటే చెప్పులు కుట్టే మనిషి దేవుడెవరు, నేనెవరు అని అప్పటికే వెతుకుతున్నాడు, తన వెతుకులాటలో ఒక మలుపుగా ఆ మతంలోకి వెళ్లాడు, తర్వాత ఊరూరా తిరిగి తనవాళ్లకు చెప్పాడు. అది థియాలజీ కాదా? ఈ విషయాలు మనకు తెలిసింది మిషనరీల రాతల్లోంచి. మన యూనివర్సిటీలు ఈ ప్రశ్నను మత ప్రశ్నగా పట్టించుకున్నది తక్కువ. ఎకనామిక్స్ వాళ్లు కరువు అంటారు, సోషియాలజీ వాళ్లు కులం అంటారు. రెండూ నిజమే. కానీ ఆయన దేవుడి గురించి ఏం ఆలోచించాడు అని అడిగే డిపార్ట్‌మెంట్ లేదు.

దళిత థియాలజీ కూడా 1981లో అరవింద్ నిర్మల్ గారి ప్రసంగంతో బెంగళూరు సెమినరీలో (పాస్టర్లను తయారుచేసే కాలేజీలో) మొదలైంది, ఏ ప్రభుత్వ యూనివర్సిటీలోనూ కాదు.

కందుకూరు కుర్రాడు
అన్నా, మా తమ్ముడు రీసెర్చ్ చేయాలనుకుంటున్నది సరిగ్గా ఇదే. పేరయ్య గారి గురించే. నీ పోస్టు వాడికి పంపించా.

పొదిలి ఇంజినీర్
నల్లరాయి అన్నా, తాళ్లకొండపాడు మా వైపే, నాకు ఈ సంగతి ఇవాళే తెలిసింది. కెమిస్ట్రీ పోస్టు మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఏఎస్ పేట భాయ్
నేను ఆలిమ్ కోర్సు (మదర్సాలో ఇస్లాం మత చదువు) చేశాను, ఇప్పుడు మొబైల్ షాపు నడుపుతున్నా. హేతువాది సాబ్ అన్నదానికి ఒక మాట. జవాబు ముందే రాసిపెట్టుకుంటారు అన్నారు. మా చదువులో హదీసు శాస్త్రం ఉంటుంది. ప్రవక్త గారు ఇలా అన్నారు అని ఎవరైనా చెప్తే, అతను ఎవరి దగ్గర విన్నాడు, ఆయన ఎవరి దగ్గర విన్నాడు అని గొలుసు మొత్తం చూస్తారు. గొలుసులో ఉన్న ఒక్కో మనిషి జ్ఞాపకశక్తి ఎలాంటిది, అబద్ధం ఆడినట్టు ఎక్కడైనా ఉందా, ఆ ఇద్దరూ అసలు కలుసుకునే అవకాశం ఉందా. ఈ మనుషుల వివరాలకే పెద్ద పెద్ద గ్రంథాలు ఉన్నాయి, ఆ విద్యకు ఇల్ముర్ రిజాల్ అని పేరు. గొలుసు బలహీనంగా ఉంటే జయీఫ్ అని, కల్పితమైతే మౌజూ అని రాసేస్తారు, మాట ఎంత తియ్యగా ఉన్నా సరే. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే హదీసుల్లో ఎన్ని ఈ పరీక్షకు నిలుస్తాయి? నిలవవు. కానీ నేను షాపులో కూర్చుని చెప్తే ఎవరు వింటారు? లక్షల మంది చూసే వీడియో వాడి మాటే వింటారు.

రొట్టెల పండగే తీసుకోండి. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో హిందువులు, ముస్లింలు రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె. దీని మీద మా వాళ్లలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి, మా ఇంట్లోనే ఉన్నాయి. అమ్మ ప్రతి ఏడూ పోతుంది, మామూ పోవద్దంటాడు. ఇద్దరికీ తమ తమ ఆధారాలు ఉన్నాయి. ఈ వాదన ఒక క్లాసులో, అన్ని మతాల పిల్లల ముందు, ఆధారాలతో జరిగితే ఎంత బాగుంటుంది. ఇప్పుడు జరిగేది వీధిలో.

ఒంగోలు గిత్త
భాయ్, మామూ ఒక వైపు, అమ్మ ఒక వైపు అయితే రొట్టెలు ఎవరు చేస్తారో వాళ్లదే గెలుపు.

ఏఎస్ పేట భాయ్
అమ్మే గెలుస్తుంది. మామూ కూడా తింటాడు.

హేతువాది నెల్లూరు
భాయ్, మీరు చెప్పిన పరిశీలన పద్ధతి మెచ్చుకోదగ్గది. కానీ గొలుసు నిలబడ్డాక ఆ మాటను ప్రశ్నించే హక్కు విద్యార్థికి ఉంటుందా? అక్కడే నాకూ మీకూ తేడా. పోనీ డిపార్ట్‌మెంట్ పెట్టారనుకుందాం. ప్రొఫెసర్‌ని ఎవరు నియమిస్తారు? మతసంస్థ ఒప్పుకోని మాట ఆయన మాట్లాడితే ఉద్యోగం ఉంటుందా?

మైపాడు అల
దీనికి నేను చెప్తాను. నేను జర్మనీలో మాస్టర్స్ చేశా, నాది ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్, కానీ నా రూమ్మేట్ ప్రొటెస్టెంట్ థియాలజీ విద్యార్థి. అక్కడ అది ప్రభుత్వ యూనివర్సిటీ సబ్జెక్టే. తను రోజంతా హీబ్రూ, గ్రీకు క్రియలతో కుస్తీ పట్టేది, లాటిన్ సంగతి చెప్పక్కర్లేదు. అక్కడ పాస్టర్ కావాలంటే ఏళ్ల తరబడి యూనివర్సిటీలో చదవాలి, ఆ తర్వాత సంఘంలో ట్రైనింగ్.

హేతువాది గారి భయం ఉత్తది కాదు. ట్యూబింగెన్‌లో హాన్స్ క్యుంగ్ అని కాథలిక్ ప్రొఫెసర్ ఉండేవారు. విశ్వాసం, నీతి విషయాల్లో పోపు అధికారికంగా ప్రకటించేది తప్పు కాజాలదు అన్న సిద్ధాంతాన్ని ప్రశ్నించారు. 1979 డిసెంబరులో రోమ్ ఆయనకు కాథలిక్ థియాలజీ బోధించే అనుమతి తీసేసింది. అయితే ఆయన ఉద్యోగం పోలేదు. యూనివర్సిటీ ఆయన ఇన్‌స్టిట్యూట్‌ను కాథలిక్ ఫ్యాకల్టీ నుంచి వేరు చేసి అక్కడే కొనసాగించింది, 1996లో రిటైరయ్యేదాకా పాఠం చెప్పారు. సెమినరీలో అయితే మూటాముల్లె సర్దుకోవాల్సిందే. యూనివర్సిటీలో ఉన్నారు కాబట్టే నిలబడగలిగారు. నాకు ఇది యూనివర్సిటీ వైపు వాదనలాగే కనిపిస్తుంది.

ఇంకొకటి, 2010 తర్వాత అక్కడి ప్రభుత్వమే ట్యూబింగెన్, మ్యూన్‌స్టర్, ఓస్నాబ్రుక్ లాంటి చోట్ల ఇస్లామిక్ థియాలజీ కేంద్రాలకు డబ్బిచ్చింది. ఇమాములు, బళ్లలో మతం చెప్పే టీచర్లు తమ దేశంలోనే, తమ భాషలోనే, మిగతా సబ్జెక్టుల పక్కన కూర్చుని చదువుకోవాలని.

హేతువాది నెల్లూరు
మైపాడు అక్కా, ఆ కేసు రెండు వైపులా పనికొస్తుంది. అనుమతి తీసేసే అధికారం రోమ్‌కి ఉండటమే నా అభ్యంతరం. ఫ్రాన్స్ చూడండి, 1885లో ప్రభుత్వ యూనివర్సిటీల్లో కాథలిక్ థియాలజీని ఎత్తేసింది. అక్కడ చదువేం తగ్గలేదు.

మైపాడు అల
స్ట్రాస్‌బర్గ్‌లో ఇప్పటికీ ఉంది అన్నా, అది అప్పుడు జర్మనీలో ఉండటం వల్ల మిగిలిపోయింది. అదీ ఫ్రాన్సే, వాళ్లకూ ఏమీ తగ్గలేదు :)

పొన్నలూరు పంతులు
అందరూ ఒకటే మతం చెప్పుకుంటున్నారు, మిగతావాళ్లు వీళ్ల వలలో
[ఈ పోస్టులో మిగతా భాగం తీసేశాం]

మోడరేటర్
మతం గురించి మాట్లాడండి, మతస్థుల గురించి కాదు. ఇంకోసారి ఇలాంటి పోస్టు వస్తే అకౌంట్ ఆపేస్తాం. మిగతావాళ్లు కొనసాగించండి, చర్చ బాగా నడుస్తోంది.

ఉలవపాడు మామిడి
నేను మా సంఘంలో పెద్దను, మొహమాటం లేకుండా చెప్తా. మా చుట్టుపక్కల ఫ్లెక్సీల మీద పేరుకు ముందు డాక్టర్ లేని దైవసేవకుడు కనపడటం లేదు. ఎక్కడ చదివారయ్యా అంటే జవాబు ఉండదు. డబ్బు కట్టి తెచ్చుకున్న గౌరవ డాక్టరేట్లు. ఇటు నిజంగా ఏళ్ల తరబడి చదివిన పిల్లాడికేమో యూనివర్సిటీ కౌంటర్లో విలువ లేదు. రామాయపట్నంలో 1870లలోనే బాప్టిస్టు సెమినరీ ఉండేది. ఇప్పుడు రామాయపట్నం అంటే అందరూ పోర్టు గురించే అడుగుతారు. ఈ చదువు మనకు కొత్త కాదు, ఎవరూ లెక్క అడగకపోవడం వల్ల కల్తీ అయింది.

ఒక ఉదాహరణ. మార్కు సువార్త చివరి అధ్యాయంలో 9 నుంచి 20 దాకా వచనాలు అతి పాత గ్రీకు ప్రతులైన సినాయి ప్రతిలో, వాటికన్ ప్రతిలో లేవు. పాములను ఎత్తి పట్టుకుంటారు, విషం తాగినా హాని కలగదు అన్న మాటలు అక్కడే ఉన్నాయి. ఇది సెమినరీలో చదివిన ప్రతి పాస్టరుకూ తెలుసు. చాలా బైబిళ్లలో ఫుట్‌నోట్ కూడా ఉంటుంది. పుల్పిట్ మీద ఎవరు చెప్తున్నారు? నాకు ఒక యువ పాస్టరు చెప్తే చాలా రోజులు మనసు మనసులో లేదు. కానీ నా విశ్వాసం పోలేదు, ఇంకా ఒళ్లు దగ్గర పెట్టుకుని చదువుతున్నా. జనానికి ఈ మాత్రం తట్టుకునే శక్తి లేదనుకోవడం జనాన్ని తక్కువ చేయడమే.

రంగనాయకుల పేట
మామిడి గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మా వైపు పుణెలో భండార్కర్ సంస్థ వాళ్లు భారతానికి అలాంటి పనే చేశారు, 1919లో మొదలుపెట్టి 1966కి గానీ పూర్తి కాలేదు. వందల రాతప్రతులు పోల్చి, తర్వాత చేరినవి అనుకున్న శ్లోకాలను అసలు పాఠం నుంచి తీసి కిందకు దించేశారు. మనందరికీ ఇష్టమైన కొన్ని ఘట్టాలూ కిందకు పోయాయి. నాకది కష్టంగానే ఉంటుంది. అయినా ఆ పని చేసినవాళ్లు శ్రద్ధతో చేశారని ఒప్పుకుంటాను. గుళ్లో నేను చదివేది మాత్రం మా నాన్నగారి పాఠమే.

హిస్టరీ మాస్టారు
స్వామీ, మీరిద్దరూ చెప్పిన పని ఒకటే, ఒకటి మీకు గుడి అవతల జరిగింది, ఒకటి ఆయనకు చర్చి అవతల జరిగింది.

మన ఊరి మనిషినే తీసుకుందాం. తిక్కన. 13వ శతాబ్దంలో శైవులూ వైష్ణవులూ ఒకరి మొహం ఒకరు చూసుకోని రోజుల్లో పెన్న ఒడ్డున కూర్చుని భారతం తెలుగు చేస్తూ దాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. శివుడూ విష్ణువూ ఒకే రూపంగా ఉన్న దైవం. ఎం.ఏ. తెలుగులో ఆయన శైలి చెప్తాం, నాటకీయత చెప్తాం, మనుమసిద్ధి మంత్రి అని చెప్తాం. ఆ దైవభావన మీద ఒక పేరా చెప్పి పేజీ తిప్పేస్తాం. అది ఎందుకు పుట్టింది, అద్వైతంతో దానికి బంధం ఏమిటి, ఆ కాలపు వీరశైవంతో దాని పేచీ ఏమిటి, ఇవి అడగకుండా తిక్కన అర్థమవుతాడా? నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషిగా అంటున్నా, థియాలజీ తీసేస్తే సాహిత్యంలో, చరిత్రలో సగం మాటలు పిల్లలకు మూసిన తలుపులే. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన కాథలిక్ పండితుడు న్యూమన్ 1852లో డబ్లిన్ ఉపన్యాసాల్లో దీన్నే ఇంకోలా చెప్పాడు. థియాలజీని బయటకు పంపితే ఆ స్థలం ఖాళీగా ఉండదు, పక్క సబ్జెక్టులు తమకు రాని విషయంలో తీర్పులు చెప్పడం మొదలుపెడతాయని. మన దగ్గర సబ్జెక్టులు కూడా రాలేదు, ఫార్వర్డ్ మెసేజ్‌లు వచ్చి కూర్చున్నాయి.

కావలి అమ్మ
నాకు పెద్ద పెద్ద విషయాలు తెలియవు. మా అమ్మాయి డిగ్రీ ఫైనలియర్, మతాల మీద చదువుతానంటోంది. ఇంట్లో టెన్షన్‌గా ఉంది. ఉద్యోగం ఏముంటుంది? పెళ్లివాళ్లకు ఏమని చెప్పాలి?

మైపాడు అల
అమ్మా, యూజీసీ నెట్‌లో మతాల తులనాత్మక అధ్యయనం అని సబ్జెక్టే ఉంది, పాసైతే లెక్చరర్ పోస్టుకు అర్హత. పోస్టులు మాత్రం తక్కువ, అది దాచను. పటియాలా పంజాబీ యూనివర్సిటీలో 1967 నుంచి మతాల అధ్యయన విభాగం ఉంది. మనకు దగ్గరంటే మద్రాసు యూనివర్సిటీ. అక్కడ వైష్ణవం, శైవ సిద్ధాంతం, జైనం, క్రైస్తవం, వీటికి వేర్వేరు డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. నెల్లూరులో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనం లోపు అక్కడ ఉంటారు. జర్నలిజం, అనువాదం, మ్యూజియం, ఆర్కియాలజీ వైపు కూడా పనికొస్తుంది.

చీమకుర్తి నల్లరాయి
కావలి అమ్మా, అమ్మాయి చదువుకోనివ్వండి. నంద్యాలలో 2013లో పుష్పలలిత గారు సి.ఎస్.ఐ.లో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) మొదటి మహిళా బిషప్ అయ్యారు. వాళ్లింట్లో కూడా ఒకరోజు ఇదే టెన్షన్ పడి ఉంటారు.

ఏఎస్ పేట భాయ్
ఆర్మీలో కూడా పోస్టులు ఉన్నాయి, పండిట్, మౌల్వీ, పాద్రే, గ్రంథీ, బౌద్ధ భిక్షువు. మా సీనియర్ ఒకరు ట్రై చేశారు. రన్నింగ్‌లో పోయింది.

ఒంగోలు గిత్త
దేవుడి దగ్గరకు పోవాలన్నా పరిగెత్తాలన్నమాట.

హేతువాది నెల్లూరు
సరే, నేను మెత్తబడినట్టు అనుకోవద్దు. మదర్సాలో, సెమినరీలో, ఆగమ పాఠశాలలో జరుగుతున్నది పరిశీలన లేని చదువు అనుకునేవాణ్ని, భాయ్, మామిడి గారు చెప్పింది చూస్తే అలా ఒక్క మాటలో అనలేం. కానీ నా భయం ఇంకోటి ఉంది, దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. ఇవాళ డిపార్ట్‌మెంట్ పెడతారు, రేపు ఏ పార్టీ వస్తే ఆ పార్టీకి నచ్చిన మతం సిలబస్ అవుతుంది. వీసీ మారినప్పుడల్లా దేవుడు మారతాడు. మద్రాసు యూనివర్సిటీలో నాలుగు మతాలకు నాలుగు గదులు ఉన్నాయంటున్నారు. అంటే నాలుగు గోడలు కూడా ఉన్నట్టే. శైవ సిద్ధాంతం చదివేవాడు పక్క గదిలోకి వెళ్తాడా?

హిస్టరీ మాస్టారు
ఇది నిజమైన ప్రశ్న. ఎవరి మతం వాళ్లకు విడివిడిగా పెడితే మీరన్న గోడలు తప్పవు. అలీగఢ్‌లో సున్నీలకు ఒక విభాగం, షియాలకు ఒక విభాగం ఉన్నాయి. యూనివర్సిటీ చదువుల మీద వేసిన 1948–49 రాధాకృష్ణన్ కమిషన్ వేరే దారి సూచించింది, ఆయన మన ఆంధ్రా యూనివర్సిటీకి వైస్ చాన్సలర్‌గా చేసిన మనిషే. డిగ్రీ మొదటి ఏడాది బుద్ధుడు, కన్ఫ్యూషియస్, జరతుష్ట్ర, సోక్రటీస్, ఏసు, శంకరుడు, రామానుజుడు, మధ్వుడు, మహమ్మదు, కబీరు, నానక్, గాంధీ, వీళ్ల జీవితాలు. రెండో ఏడాది మతగ్రంథాల నుంచి ఎంచిన భాగాలు. మూడో ఏడాది మతతత్వంలో ప్రధాన సమస్యలు. విద్యార్థి ఏ మతంవాడైనా అందరికీ అదే. డెబ్బై ఏళ్లు దాటింది, అమలు కాలేదు. నేనైతే మూడో ఏడాది భాగాన్నే మొదట పెట్టమంటాను, ప్రశ్నలు ముందు ఉంటే జీవితాలు ఊరికే భజన కావు.

రంగనాయకుల పేట
మొదటి ఏడాది జాబితాలో ఒక్క స్త్రీ లేదు మాస్టారూ. మా ఆండాళ్ ఏమైంది?

హిస్టరీ మాస్టారు
ఉండాల్సింది స్వామీ. అక్క మహాదేవి కూడా. ఆ లోటు అలాగే పెట్టుకుని అమలు చేయమని నేను అనను.

హేతువాది నెల్లూరు
ఆ జాబితాలో దేవుణ్ని కాదన్నవాడు ఒక్కడూ లేడు. బుద్ధుణ్ని చూపించి తప్పించుకోవద్దు. దేవుణ్ని, పరలోకాన్ని ఒప్పుకోని చార్వాకులకు ఒక పేపర్ పెట్టండి, నమ్మకం లేనివాడికి కూడా అక్కడ ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చేలా నిబంధనల్లో రాయండి. అప్పుడు నా పన్ను డబ్బు తీసుకోండి.

హిస్టరీ మాస్టారు
అడగాల్సిందే అడిగారు. 14వ శతాబ్దంలో మాధవాచార్యులు అన్ని దర్శనాలనూ సంగ్రహిస్తూ రాసినప్పుడు మొదటి అధ్యాయమే చార్వాకులకు ఇచ్చారు. వాళ్ల వాదం పూర్తిగా చెప్పి తర్వాతే ముందుకు వెళ్లారు. మన పాత పద్ధతిలోనే దానికి చోటు ఉంది. ఉద్యోగం నిబంధన మాత్రం మీరు రాయండి, నేను సంతకం పెడతాను.

ఏఎస్ పేట భాయ్
నేనూ పెడతా. కానీ హేతువాది సాబ్, ఆ ప్రొఫెసర్ మా హదీసు పాఠానికి వస్తే అరబ్బీ నేర్చుకుని రావాలి. అనువాదం చదివి తీర్పు చెప్తే ఒప్పుకోను.

హేతువాది నెల్లూరు
న్యాయమే. అరబ్బీ, సంస్కృతం, గ్రీకు, మూడూ ఎవరు నేర్పుతారు మరి?

కందుకూరు కుర్రాడు
గ్రీకు మా తమ్ముడు చెప్తానంటున్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఆరాధన అయ్యాక, ఎవరైనా రావచ్చంట.

పొదిలి ఇంజినీర్
ఆన్‌లైన్‌లో పెడితే నేను కూడా.